సావిత్రి తొలి సినిమాలు: తెర మీద ఆమె నుంచి కళ్లు ఎందుకు తిప్పుకోలేం?

అడిగినవారి ప్రశ్న క్లుప్తంగా ఇది: "మహానటి చూశాక మాయాబజార్ మళ్లీ చూశాను. మొదట్లో చిన్న వేషాలు వేసిన అమ్మాయి నాలుగైదేళ్లలో అంత పెద్ద నటి ఎలా అయ్యారు? ఆమె తెర మీద ఉంటే పక్కన ఎవరున్నా చూపు ఆమె మీదికే పోతుంది. కారణం అందమా, నటనా? నేను షార్ట్ ఫిల్ముల్లో నటిస్తున్నాను. నేర్చుకోవడానికి ఏ సినిమాలు చూడాలి?"

ముందు సూటిగా జవాబు. అందం ఉంది, కాదనను. కానీ సావిత్రి ఆకర్షణలో ఎక్కువ భాగం ఎదుటి మనిషి మాట్లాడుతున్నప్పుడు ఆమె వినే తీరులో ఉంది. చాలామంది నటులు ఎదుటివారి డైలాగు ఎప్పుడు అయిపోతుందా, తమ వంతు ఎప్పుడు వస్తుందా అని చూస్తుంటారు. సావిత్రి నిజంగా వింటారు. విన్న మాట లోపల ఏం చేసిందో ముఖం మీద తెలుస్తుంది. కోపం వచ్చి, ఆ కోపాన్ని ఆపుకుని, ఆపుకున్నందుకు మళ్లీ కాస్త బాధపడి, అప్పుడు నోరు తెరుస్తారు. మనం కళ్లు తిప్పుకోలేనిది ఆ మధ్యలో జరిగేదాని నుంచే. ఇదంతా పుట్టుకతో రెడీగా వచ్చింది కాదు. 1950 నుంచి 1955 దాకా సినిమాలను వరసగా చూస్తే ఎలా వచ్చిందో కనిపిస్తుంది.

నేను ఈ మాట ఏ ఆధారంతో అంటున్నానో చెప్పాలి. చాలా ఏళ్లు ఎడిటింగ్ రూములో పనిచేశాను. మొదట మద్రాసులో అసిస్టెంటుగా, తర్వాత హైదరాబాదులో సినిమాలకీ సీరియళ్లకీ. ఇప్పుడు కొత్త నటులకు కెమెరా ముందు నటన నేర్పుతున్నాను. ఎడిటరుకు నటుల గురించి ఒక సంగతి మిగతావాళ్ల కంటే ముందు తెలుస్తుంది. డైలాగు చెప్పే షాట్ ఎవరైనా ఏదో ఒకలా నెట్టుకొస్తారు. రియాక్షన్ షాట్ దగ్గర, అంటే ఎదుటివాళ్ల మాట వింటున్న ముఖం చూపించే షాట్ దగ్గర, బండారం బయటపడుతుంది. ఒక సీరియల్‌లో పేరున్న నటి క్లోజప్పులు నా దగ్గరికి వచ్చేవి. డైలాగులు బ్రహ్మాండంగా చెప్పేది. ఎదుటివాళ్ల మాటల మీద వేసుకుందామంటే మాత్రం ఒక్క రియాక్షన్ కూడా పనికొచ్చేది కాదు, ఎందుకంటే ఆ సమయంలో ఆమె మనసులో తన తర్వాతి డైలాగు తిరుగుతూ ఉండేది. అది కళ్లలో తెలిసిపోతుంది. సావిత్రి పాత సినిమాలను ఎడిటింగ్ టేబుల్ మీద ఫ్రేము ఫ్రేముగా చూసినప్పుడు దీనికి సరిగ్గా ఎదురు కనిపించింది. ఆమె షాట్‌ను ఎక్కడ కట్ చేయాలో తోచదు. ప్రతి చోటా ఏదో జరుగుతూనే ఉంటుంది.

ఇక తొలి రోజులు. గుంటూరు జిల్లా చిర్రావూరులో పుట్టారు. తండ్రి చిన్నప్పుడే పోయారు. పెదనాన్న కొమ్మారెడ్డి వెంకట్రామయ్య దగ్గర, విజయవాడలో పెరిగారు. శిష్ట్లా పూర్ణయ్యశాస్త్రి దగ్గర నాట్యం నేర్చుకున్నారు, నాటకాల్లో వేషాలు వేశారు. కాకినాడలో పృథ్వీరాజ్ కపూర్ చేతుల మీదుగా బహుమతి అందుకున్న సంగతి ఆమె గురించి రాసిన ప్రతివాళ్లూ చెబుతారు. నా దృష్టిలో బహుమతి కంటే ముఖ్యమైనది ఆ నాటకాల అనుభవం. స్టేజీ మీద మైకు ఎక్కడో ఉంటుంది, జనం ముందు కూర్చుని ఉంటారు, సీను మధ్యలో ఆపి మళ్లీ చేయడానికి ఉండదు. పక్క నటుడు డైలాగు మర్చిపోతే అప్పటికప్పుడు ఆదుకోవాలి. ఆదుకోవాలంటే అతను చెప్పేది వినాలి. వినడం అనే అలవాటు ఆమెకు అక్కడే పడిందని నా నమ్మకం.

మద్రాసు వెళ్లగానే దారి తెరుచుకోలేదు. 1950లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో వచ్చిన సంసారంలో ఆమెను మొదట ముఖ్యమైన పాత్రకే అనుకున్నారు. అది చేజారింది. చివరికి సినిమాలో చిన్న వేషంలో మాత్రమే కనిపిస్తారు. మరుసటి ఏడాది కె.వి. రెడ్డి గారి పాతాళభైరవిలో ఒక నృత్యం చేశారు. అంతే. ఇప్పటి లెక్కలో చెప్పాలంటే ఐటమ్ సాంగ్. 1952లో పెళ్లిచేసి చూడులో రెండో కథానాయిక, అదీ మళ్లీ ఎల్.వి. ప్రసాద్ సినిమాయే. అదే ఏడాది తాతినేని ప్రకాశరావు తొలి సినిమా పల్లెటూరులో ఎన్.టి. రామారావు సరసన కథానాయిక.

ఇక్కడ కొత్తవాళ్లు గమనించాల్సిన విషయం ఒకటుంది. మొదట పెద్ద పాత్ర చేజారిన సినిమా దర్శకుడే రెండేళ్లకు మళ్లీ పిలిచారు, ఐదేళ్లకు మిస్సమ్మ చేతిలో పెట్టారు. ఒక్క పాటకు పిలిచిన కె.వి. రెడ్డి గారు 1955లో దొంగరాముడులో నాయికను చేశారు, 1957లో మాయాబజార్‌లో శశిరేఖను చేశారు. చిన్న వేషం వేసినప్పుడు ఎవరో ఒకరు చూస్తూనే ఉంటారు. నా దగ్గరికి వచ్చే పిల్లలు "రెండు సీన్లే సార్, ఏం చేస్తాం" అని నీరసపడిపోతుంటారు. వాళ్లకు నేను ఈ వరసే చెబుతాను.

నాట్యం ఆమెకు ఇచ్చినది, నాట్యం నుంచి ఆమె వదిలేసినది, రెండూ చూడాలి. తొలి సినిమాల్లో సావిత్రి కళ్లు కాస్త ఎక్కువ పనిచేస్తాయి. కనుబొమలు పైకి వెళతాయి, మెడ వంపు తిరుగుతుంది, ప్రతి భావం పూర్తిగా చూపించేయాలన్న తొందర ఉంటుంది. నాట్యమంటే చివరి వరసలో కూర్చున్నవాడికి కూడా భావం అందాలి కదా, ఆ శిక్షణ అలాంటిది. క్లోజప్‌లో అదే చేస్తే ఎక్కువైపోతుంది. దేవదాసు (1953) నాటికి అది తగ్గింది. ఆ సినిమా దర్శకుడు వేదాంతం రాఘవయ్య స్వయంగా కూచిపూడి మనిషి కావడం నాకు చాలా అర్థవంతంగా అనిపిస్తుంది. నాట్యం లోతు తెలిసినవాడికే దాన్ని ఎక్కడ ఆపాలో తెలుస్తుంది.

దేవదాసులో పార్వతిని రెండు చోట్ల చూడండి. అర్ధరాత్రి దేవదాసు గదికి వచ్చినప్పుడు ఆమె అడగడానికి వచ్చింది. తర్వాత పెళ్లి కుదిరాక అతను వచ్చి మాట్లాడినప్పుడు తిరస్కరించే స్థానంలో ఉంది. అదే మనిషి, అదే ప్రేమ. మొదటి దాంట్లో గొంతులో బతిమాలడం ఉన్నా నడుము నిటారుగానే ఉంటుంది. రెండో దాంట్లో మాటలు పౌరుషంగా ఉన్నా చూపు మాత్రం అతని మీద నుంచి పోదు. మాట ఒకటి చెబుతుంటే ఒళ్లు ఇంకొకటి చెప్పడం అంటే ఇదే. ఇరవై ఏళ్లు కూడా నిండని అమ్మాయి ఇది చేసింది. జమీందారుకు రెండో భార్యగా వెళ్లాక ఆ ఇంటి పెద్దరికం ఆమె భుజాల మీదికి ఎలా వచ్చిందో కూడా చూడండి. వయసు పెరిగినట్టు మేకప్‌తో చూపించలేదు. కదలిక నెమ్మదించింది, చూపు నిలకడగా మారింది, అంతే.

అంత విజయం తర్వాత కూడా 1954లో చంద్రహారంలో చంచల అనే ప్రతినాయిక లక్షణాలున్న పాత్ర వేశారు. శ్రీరంజని నాయిక. పార్వతిగా జనం గుండెల్లో పెట్టుకున్న అమ్మాయి మరుసటి ఏడాదే అలాంటి పాత్రకు ఒప్పుకోవడం చిన్న విషయం కాదు. ఇప్పుడైతే "ఇమేజ్ పాడవుతుంది" అని పక్కనున్నవాళ్లే ఆపేస్తారు. ఆ పాత్ర చేసిన అనుభవమే తర్వాత మధురవాణికీ మాయా శశిరేఖకూ పనికొచ్చిందని నేననుకుంటాను.

ఇప్పుడు మిస్సమ్మ. 1955 సంక్రాంతికి వచ్చింది. మేరీ పాత్రకు మొదట భానుమతి గారిని తీసుకుని కొంత షూటింగ్ కూడా చేశారు, నిర్మాత చక్రపాణి గారితో తేడా వచ్చి ఆమె తప్పుకున్నారు. రెండో పాత్రకు అనుకున్న సావిత్రి ముందుకు వచ్చారు, ఆ రెండో పాత్ర జమునకు వెళ్లింది. అదృష్టం కలిసొచ్చిందని అందరూ అంటారు. కలిసొచ్చిన మాట నిజమే. కానీ మేరీ పాత్ర ఎంత కష్టమో ఆలోచించండి. ఉద్యోగం కోసం పరాయి మగవాడి భార్యనని అబద్ధం చెప్పిన క్రైస్తవ అమ్మాయి. ముక్కు మీద కోపం. సినిమా సగం పైగా చిరాకు పడుతూనే ఉంటుంది. చిరాకు పడే నాయికను ప్రేక్షకుడు రెండున్నర గంటలకు పైగా భరించాలి, భరించడమే కాదు ఇష్టపడాలి. భానుమతి గారైతే ఆ కోపంలో అధికారం ఉండేది, ఆవిడ తత్వమే అది. సావిత్రి కోపంలో భయం ఉంది, ఇంటి అప్పు గురించిన దిగులు ఉంది, తన మనసు తనకే అర్థం కాని అయోమయం ఉంది. అందుకే ఆ విసుర్లకు మనం నవ్వుతాం, ఆమె మీద కోపం రాదు.

నా క్లాసులో వాడే సీను ఈ సినిమాలోదే. రావోయి చందమామ పాట. ఇద్దరూ చంద్రుడికి ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చేసుకుంటారు. అంటే ఒకరు పాడుతుంటే రెండోవాళ్లు తమ గురించే వింటూ ఉండాలి. పిల్లలతో ముందు సౌండ్ ఉంచి చూపిస్తాను, తర్వాత సౌండ్ తీసేసి చూపిస్తాను. రెండోసారి రామారావు గారి చరణాలు వచ్చినప్పుడు సావిత్రినే చూడమంటాను. ఉక్రోషం వస్తుంది, అతను అన్నదాంట్లో నిజముందని తెలిసి చూపు పక్కకు పోతుంది, నవ్వు వచ్చేలోపు మళ్లీ బిగుసుకుంటుంది. పాడుతున్న మనిషిని వదిలేసి వింటున్న మనిషిని చూడటం మొదలుపెడతారు పిల్లలు. చెప్పకుండానే వాళ్లకు పాఠం అర్థమవుతుంది. ఒక అమ్మాయి, అమలాపురం వైపు నుంచి వచ్చింది, మంచి గొంతు, డైలాగు దంచేసేది. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే మాత్రం కనురెప్పలు టపటపా కొట్టుకునేది. టెన్షన్. ఈ పాట చూశాక ఆమెతో ఒక పని చేయించాను. సీనులో ఆమె డైలాగులన్నీ తీసేసి, ఎదుటివాళ్లవి మాత్రం ఉంచి, మాట లేకుండా సీను మొత్తం చేయమన్నాను. కొన్ని వారాలకు రెప్పలు కుదుటపడ్డాయి. వినడం మొదలైతే ఒంటికి వేరే పని అక్కర్లేదు.

ఇంకో సంగతి, ఎడిటరుగా నాకు చాలా ఇష్టమైనది. పాటల్లో ఆమె ఊపిరి. మిస్సమ్మలో ఆమెకు పి. లీల గారు పాడారు. ప్లేబ్యాక్‌కు పెదాలు కదపడం అందరూ చేస్తారు. సావిత్రి చరణం ఎత్తుకునే ముందు ఊపిరి కూడా తీసుకుంటారు. గొంతు దగ్గర నరం కదులుతుంది, పై స్థాయికి వెళ్లినప్పుడు గడ్డం కొద్దిగా లేస్తుంది. అందుకే గొంతు వేరేవాళ్లదన్న సంగతి మనకు గుర్తుండదు. మ్యూజిక్ వీడియోలు చేసే కుర్రాళ్లు ఈ ఒక్కటి నేర్చుకున్నా చాలా మారుతుంది. మాటలు మాత్రం ఆమె సొంత గొంతే. కృష్ణా, గుంటూరు ప్రాంతపు పలుకు, ఒత్తులు స్పష్టంగా, ఎక్కడా పుస్తకం చదివినట్టు ఉండదు.

1955 ఒక్క ఏడాదిలో మిస్సమ్మ, అర్ధాంగి, దొంగరాముడు, కన్యాశుల్కం వచ్చాయి. అర్ధాంగిలో అమాయకుడైన భర్తను మనిషిని చేసే ఇల్లాలు. కన్యాశుల్కంలో మధురవాణి. గురజాడ వారి మధురవాణి అంటే తెలుగు నాటకంలో అందరికంటే తెలివైన ఆడది. నాటకం చదివినవాళ్లకు సినిమా మీద అసంతృప్తులు ఉండొచ్చు, నాకూ ఉన్నాయి. కథ చాలా కుదించారు. కానీ సావిత్రి మధురవాణిలో ఒకటి చూడండి: గిరీశంతో, రామప్పపంతులుతో మాట్లాడేటప్పుడు ఆమె నవ్వు నోటితో ఉంటుంది, లెక్క కళ్లలో ఉంటుంది. అవతలి మగవాడు నవ్వు మాత్రమే చూస్తాడు, మనం రెండూ చూస్తాం. వేశ్య పాత్ర అనగానే వచ్చే ఒయ్యారాలు అవసరమైనంత వరకే వాడారు. అంతకుముందు నాట్యం తగ్గించుకోవడం నేర్చుకున్నారన్నానే, దాని ఫలితం ఇక్కడ ఉంది.

ఇక మాయాబజార్, 1957. ఇది తొలి దశకు పతాక సన్నివేశం లాంటిది. మీరు మళ్లీ చూశానన్నారు కాబట్టి కథ చెప్పను. ఇందులో ఆమెవి రెండు పాత్రలు అనుకోవాలి. ఒకటి అసలు శశిరేఖ. ప్రియదర్శిని పెట్టె తెరిచి అభిమన్యుణ్ణి చూసేటప్పుడు ఆమె ఎదురుగా సెట్‌లో ఏముంటుంది? ఒక పెట్టె. దాని వైపు చూస్తూ ముఖం విప్పారాలి, సిగ్గు రావాలి, ఎవరైనా చూస్తున్నారేమో అన్న స్పృహ రావాలి. ఈ రోజుల్లో గ్రీన్ మ్యాట్ ముందు నటించే వాళ్లకు ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

రెండోది మాయా శశిరేఖ, అంటే శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు. ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుణ్ణి మనం అప్పటికే చూసి ఉన్నాం. ఆ భారీ నడక, ఆ ఛాతీ విరుపు, ఆ చూపు. అవన్నీ ఆ చిన్న ఒంట్లోకి రావాలి. చాలామంది ఇక్కడ మగవాడిని అనుకరించి నవ్విస్తారు. ఆమె చేసింది అంతకంటే క్లిష్టమైనది: ఆడపిల్లలా నటించడానికి ప్రయత్నిస్తున్న రాక్షసుణ్ణి నటించారు. అంటే సిగ్గుపడేటప్పుడు కూడా ఆ సిగ్గు ఒక పాలు ఎక్కువగా ఉండాలి, ఎందుకంటే సిగ్గుపడేవాడు ఘటోత్కచుడు, వాడికి అలవాటు లేదు. అహ నా పెళ్లియంట పాటలో చూడండి. వయ్యారంగా అడుగులు వేస్తూ ఉండగానే భుజాలు వెడల్పవుతాయి, అడుగు బరువెక్కుతుంది, అంతలోనే ఎవరో చూస్తారన్నట్టు మళ్లీ ఒదిగిపోతుంది. ఆ మారే క్షణానికి కట్ లేదు, ట్రిక్ లేదు. ఒకే షాట్‌లో ఒళ్లే మారుతుంది. పెళ్లిపీటల మీద రేలంగి గారిని బెదరగొట్టే ఘట్టంలో అయితే ముఖం సగం సెకనులో అటు నుంచి ఇటు వస్తుంది. ఈ సీన్లు నెమ్మదిగా నడిపి చూశాను. అటూ ఇటూ కాని ఫ్రేములు కూడా ఖాళీగా లేవు, అక్కడా ఒక ఆలోచన ఉంది.

కొన్ని జాగ్రత్తలు కూడా చెప్పాలి. మొదటిది, ఆమె ఒక్కరి వల్లే ఇదంతా అనుకోవద్దు. మిస్సమ్మ, మాయాబజార్ తీసిన విజయా సంస్థ వారి సినిమాల్లో స్క్రిప్టు ముందే పూర్తిగా తయారై ఉండేది, రిహార్సల్సు జరిగేవి, మార్కస్ బార్ట్‌లే లాంటి ఛాయాగ్రాహకుడు ముఖం మీద వెలుగు ఎక్కడ పడాలో ఆలోచించి పెట్టేవాడు. ఆ రెండింటికీ ఛాయాగ్రహణం ఆయనదే. ఆ రోజుల్లో షాట్లు కూడా నిడివిగా ఉండేవి, ఇద్దరూ ఒకే ఫ్రేములో ఉండేవారు, కాబట్టి వినే మనిషి ముఖం మనకు కనిపించేది. ఇప్పటి కటింగ్ వేగంలో అంత పని చేసినా సగం ఎడిటింగ్ రూములోనే పోవచ్చు. అందుకని నిరాశపడకండి. మంచి రియాక్షన్ ఉంటే ఏ ఎడిటరూ దాన్ని వదులుకోడు, నా మాట నమ్మండి.

రెండోది, గ్లిజరిన్ లేకుండా ఏడ్చేవారు, ఏ కంట్లోంచి కన్నీరు కావాలంటే ఆ కంట్లోంచి తెచ్చేవారు అనే కథలు. కొత్తవాళ్లు వీటి వెంట పడి సెట్‌లో కన్నీళ్ల కోసం అవస్థ పడతారు. కన్నీరు వచ్చిందా లేదా అన్నది ప్రేక్షకుడికి ముఖ్యం కాదు. సావిత్రి ఏడుపు సీన్లలో బలం అంతా ఏడుపును ఆపుకునే ప్రయత్నంలో ఉంది. నిజ జీవితంలో ఎవరూ ఏడవాలని ప్రయత్నించరు, ఆపుకోవాలనే చూస్తారు.

మూడోది మహానటి గురించి. 2018లో నాగ్ అశ్విన్ తీసిన ఆ సినిమా వల్ల ఒక తరం మొత్తం సావిత్రి దగ్గరికి మళ్లీ వెళ్లింది. కీర్తి సురేష్ చాలా కష్టపడ్డారు, జాతీయ అవార్డు వచ్చింది, రావలసిందే. కానీ నటన నేర్చుకోవాలనుకునేవాళ్లు దాంతో ఆగిపోకూడదు. అందులో జీవితంలోని విషాదం ముందుంటుంది. అసలు సినిమాల్లో నవ్వించే సావిత్రి ముందుంటారు. హాస్యంలో ఆమె టైమింగ్ గురించి మనం మాట్లాడుకోవాల్సినంత మాట్లాడుకోవడం లేదు. దుఃఖ పాత్రలే ఆమె గొప్పతనం అనే అభిప్రాయం తర్వాతి సినిమాల వల్ల స్థిరపడిపోయింది. నేను ఒప్పుకోను. మేరీ, మాయా శశిరేఖ రెండూ నవ్వించే పాత్రలే, వాటిలో చేసిన పని ఎవరైనా మళ్లీ చేయగలరా అంటే నాకు అనుమానమే.

చూడాల్సిన వరస చెబుతాను. మొదట పెళ్లిచేసి చూడు, తర్వాత దేవదాసు, మిస్సమ్మ, కన్యాశుల్కం, చివర మాయాబజార్. అవకాశముంటే మధ్యలో చంద్రహారం. తయారైన ఏడాదుల వరసలోనే చూడండి, అప్పుడే మార్పు తెలుస్తుంది. మాయాబజార్‌కు రంగులద్దిన ప్రింటు కూడా ఉంది, నటన చూడాలంటే మాత్రం నలుపు తెలుపుదే చూడండి. బార్ట్‌లే వెలుగు నీడలు ఆ కళ్ల కోసమే అమర్చినట్టుంటాయి, రంగుల్లో అది పలచబడింది.

ఒక్కో సినిమా మొదటిసారి మామూలుగా చూసి ఆనందించండి. రెండోసారి మీకు నచ్చిన ఒక్క సీను తీసుకుని సౌండ్ ఆపేసి, ఆమె మాట్లాడని చోట్ల మాత్రమే చూడండి. ఆ సీనులో ఎదుటివారి ఏ మాటకు ఆమె ముఖం మారిందో కాగితం మీద రాసుకోండి. తర్వాత మీ ఫోన్లో స్నేహితులెవరినైనా కెమెరా వెనక నిలబెట్టి ఆ ఎదుటివారి మాటలు చదవమని, మీరు వింటున్న షాట్ మాత్రం తీసుకోండి. మీ డైలాగు ఒక్కటి కూడా వద్దు. అలా తీసిన క్లిప్ ఇక్కడ పెడితే చూసి, ఎక్కడ విన్నారో ఎక్కడ మీ వంతు కోసం ఆగారో చెబుతాను.